వేళ్లతో చదివిన పేరు

1941లో నేను మార్కాపురంలో ఒక డ్రాయింగ్ ఆఫీసులో లెటరింగ్ పని చేసేవాణ్ణి. లెటరింగ్ అంటే అక్షరాల రూపం గీసి, దాన్ని బోర్డు మీదకో రాతి మీదకో ఎక్కించడం. పలకల పెట్టెలకు లేబుళ్లు గీస్తూ యజమాని ఖాసిం సాబు గారు ఒక్కరే మొదలుపెట్టిన ఆఫీసు అది. నేను చేరేనాటికి ఆరుగురం అయ్యాం. గిద్దలూరు నుంచి కూడా పని వచ్చేది.

ఆ వేసవిలో కురిచేడు దగ్గరి పల్లె నుంచి శాంతమ్మ అనే కూలి మనిషి వచ్చింది. చనిపోయిన మామ యోహాను పేరు పలకరాతి మీద చెక్కి ఇమ్మంది. వాళ్ల ఊరి చర్చి గోడలు లేపింది ఆయనేనట. ఆదివారం ప్రార్థనలో ఆ రాయి నిలపాలి. నా పనితనమంతా చూపించాను. ప్రతి అక్షరానికీ తీగలు, పువ్వులు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

శనివారం పొద్దున శాంతమ్మ అత్తను చెయ్యిపట్టుకుని తీసుకొచ్చింది. అత్త దేవదానమ్మ ఒకప్పుడు బడిపంతులమ్మ. ఆమెకు చూపు పోయిందని అప్పుడే తెలిసింది. రాయి మీద వేళ్లు ఆనించి మెల్లగా జరిపింది.

“ఏంది నాయనా, మోహాను అని చెక్కినావా?”

“లేదమ్మా, యోహానే. చూసినోళ్లందరికీ తెలుస్తానే ఉంది,” అన్నాను, కాస్త కోపంగానే.

ఖాసిం సాబు గారు లేచి వచ్చారు. కళ్లు మూసుకుని రాయిని తడిమారు.

“ఈ తీగల్లో అక్షరం నాకూ తెలియలా. అమ్మ చెప్పిందే నిజం,” అని రాయిని బోర్లా తిప్పారు. “ఇట్ల కూర్చో అమ్మా. నువ్వు సరే అన్నదాకా ఇది మా దుకాణం దాటదు.”

నాకు సిగ్గేసింది. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి లోతుగా దించితే పెచ్చు లేస్తుంది. వెనకవైపు, తీగలూ పువ్వులూ లేకుండా, జాగ్రత్తగా చెక్కాను. ఒక్కో అక్షరం కాగానే ఆమె వేలు పెట్టి చూసేది. “ఇక్కడ ఇంకొంచెం తియ్యి నాయనా” అనేది. సాబు గారు పక్కనే కూర్చుని తన పైగుడ్డతో రాతిపొడి తుడిచారు.

మధ్యాహ్నానికి పని ముగిసింది. దేవదానమ్మ మొదటి నుంచి చివరిదాకా తడిమి, “యోహాను” అంది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత కోడలి చూపుడువేలు పట్టుకుని అక్షరాల వెంట నడిపించింది.

“ఇదే మీ మామ పేరు.”

చదువు రాని శాంతమ్మ ఆ గీతల మీదే వేలు ఉంచి, “నా పేరు ఎట్ల ఉంటది అత్తా?” అంది.

తర్వాత ముప్పై ఏళ్లు ఆ పనే చేశాను. ఏ పని వచ్చినా, ఇది చదివేది ఎవరని ముందే అడిగేవాణ్ణి. అట్లా అడగడం నాకు దేవదానమ్మ నేర్పింది. తప్పని తెలిస్తే, నలుగురూ మెచ్చిన రాయినైనా తిప్పేయడం ఖాసిం సాబు గారు నేర్పారు.