చేతులతో నడిపే నా కారు, మేనకోడలి గంప

అయ్యా, అమ్మా, నాకు రాయడం అలవాటు లేదండి. అయిదో తరగతితో నా బడి అయిపోయింది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో అనుమానం వచ్చిన చోట నాకు తోచినట్టు రాసుకుంటూ పోయాను. ఇప్పటికి మూడు కాయితాలు చించేశాను, ఇది నాలుగోది. అక్షరాలు చూసి నవ్వుకున్నా ఫరవాలేదు, చివరిదాకా మాత్రం చదవండి.

మాది చేపలు పట్టుకుని బతికే కుటుంబం. మా నాన్న వాళ్ళు సముద్రం మీదకి వేటకెళ్ళేవాళ్ళు. నాకు రెండేళ్ళప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. హైస్కూలు కాలవ అవతల ఉండేది. దాటడానికి రెండు తాటిమొద్దులు వేసి ఉండేవి. చంకకర్రలతో వాటి మీద నడవడం నా వల్ల కాలేదు. అందుకని ఒడ్డున కూర్చుని చిరిగిన వలలు బాగుచెయ్యడం నేర్చుకున్నాను. ఇప్పుడు చేపల చెరువులకి వలలు అల్లి ఇస్తాను. చల్లపల్లి వైపు నుంచి మైలవరం దాకా నా వలలు వాడే చెరువులున్నాయి. చెరువు కొలత తీసుకోవాలంటే నేనే వెళ్ళాలి, వల తీసుకెళ్ళి ఇవ్వాలన్నా నేనే వెళ్ళాలి. రోజూ ఆటోలవాళ్ళని బతిమాలలేక ఒక పాత చిన్న కారు కొనుక్కున్నాను.

దాన్ని ఆటోనగర్‌లో ఒక మెకానిక్ నాకోసం మార్చి ఇచ్చాడు. ఆయన ముందు నా రెండు చేతులూ పట్టుకుని నొక్కి చూశాడు. వల ముడులు బిగించిన చేతులు కదా, గట్టిగానే ఉంటాయి. స్టీరింగు పక్కన ఒక ఇనపకడ్డీ పెట్టాడు. ముందుకి తోస్తే బ్రేకు, నా వైపు లాగితే స్పీడు. గేరు కర్రకి సైకిలు బ్రేకు లాంటి పిడి తగిలించాడు, అది నొక్కితే క్లచ్చు. కింద తొక్కే పెడల్స్ మూడూ తీసేసి అక్కడ రేకు వేశాడు, నా పాదం జారి వాటి కింద ఇరుక్కుంటుందని. లైసెన్సు కూడా ఈ బండి నడపడానికే పరీక్ష పెట్టి ఇచ్చారు. కాయితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఒక కోడిపిల్లని కూడా తొక్కలేదు.

అయినా సరే, ఈ కారు తీసి రోడ్డెక్కితే చాలు, నేనేదో సర్కసు పెట్టినట్టు జనం చూస్తారు.

పెట్రోలు బంకులో ఒకాయన నా పక్కన ఉన్న చంకకర్రలు చూసి, "డ్రైవరు ఎటెళ్ళాడండీ?" అని అడిగాడు. నేను స్టీరింగు ముందే కూర్చుని ఉన్నాను. నేనే డ్రైవర్నన్నాను. ఆయన వెనక సీటులోకి కూడా తొంగిచూశాడు, ఎవరైనా పడుకుని ఉన్నారేమో అని. రైలుగేటు పడితే ఇంకా నరకం. అందరూ ఇంజన్లు ఆపేసి ఊరికే నిలబడి ఉంటారు కదా, వాళ్ళకి నేను దొరుకుతాను. ఒకసారి ఒకాయన అడగకుండానే తలుపు తీసి, లోపలికి చెయ్యి పెట్టి ఆ కడ్డీ పట్టుకుని లాగాడు. నేను ఆపకుండా ఉంచిన ఇంజను ఒక్కసారి గుర్రుమంది. ఆయన నవ్వి, భలే ఉందే అన్నాడు. నేను వెళ్ళి ఆయన ఇంటి తలుపు తీసి పొయ్యి మీద గిన్నె లాగితే ఊరుకుంటాడా?

గవర్నమెంటు ఇచ్చిందా అని కొందరు. మా తోడల్లుడికి కూడా ఒకటి ఇప్పించండి అని కొందరు. మరి మీ కాళ్ళు ఖాళీగా ఏం చేస్తుంటాయి అని కూడా ఒకాయన అడిగాడు. అన్నిటికన్నా ఒళ్ళు మండేది ఏంటంటే, నన్ను అడగరు. నా పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళని అడుగుతారు. ఒకసారి మా అక్క నాతో వచ్చినప్పుడు ఒకావిడ కిటికీలోంచి, "ఈయన నడపగలరాండీ?" అని అక్కని అడిగింది. అక్క, "ఇక్కడిదాకా తోసుకురాలేదండీ, నడుపుకుంటూనే వచ్చాడు," అంది. మా అక్క నోరు అలాంటిది.

ఇవన్నీ భరించాను. దారిన పోయేవాళ్ళు, మళ్ళీ కనపడరు, పోనీలే అనుకున్నాను. కానీ మా అక్క కూతురి పెళ్ళిలో జరిగింది అలా వదిలెయ్యలేను.

మాలో పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి తీసుకురావాలి. గంపలో కూర్చున్నాక మండపం చేరేదాకా పిల్ల కాలు నేలకి తగలకూడదు. మా అక్కకి నేనొక్కణ్ణే తమ్ముణ్ణి. పెళ్ళి కుదిరిన రోజు నుంచే మా బావ, అంటే పెళ్ళికూతురి తండ్రి, గొణుగుతున్నాడు. వరసకి మేనమామ అయ్యేవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళ చేత మోయిద్దాం అంటాడు. నేను ఒప్పుకోలేదు. ఆ పిల్ల పుట్టినప్పుడు మొదటి ఉయ్యాల నేను అల్లాను, మంచి నైలాను తాడుతో. దానికి మేనమామని నేను. వరసకి కాదు.

నేనొక ఉపాయం ఆలోచించాను. కారులో నా పక్క సీటు ఊడదీయించాను. గంపలు అల్లేవాళ్ళకి కారు తలుపు కొలత ఇచ్చి, దానికి సరిపడా వెడల్పుగా, అడుగు గట్టిగా ఒక గంప అల్లించాను. సీటు తీసిన చోట గంప పెట్టి, బ్రేకు వేస్తే కదలకుండా నాలుగు పక్కలా వలతాడుతో కట్టేశాను. పెళ్ళి కంకిపాడులో ఒక ఫంక్షన్ హాలు వెనక ఉన్న గ్రౌండులో. మండపం రెండడుగుల ఎత్తు, కారు దాని పక్కదాకా వెళ్తుంది. రెండు రోజుల ముందే వెళ్ళి అక్కడ కొలతలు తీసుకున్నాను, చెరువుకి తీసుకున్నట్టే. అక్క చూసి, "నా పెళ్ళికి కూడా ఇంత చెయ్యలేదు ఎవరూ," అని వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

పెళ్ళిరోజు పొద్దున్న మేము దిగిన ఇంటి ముందు పిల్లని గంపలో కూర్చోబెట్టాం. పీట మీద నుంచి నేరుగా గంపలోకి. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. మేళం మొదలైంది. అప్పుడు మమ్మల్ని తీసుకెళ్ళడానికి మగపెళ్ళివారి తరఫున పెళ్ళికొడుకు పెదనాన్నగారు వచ్చారు. తెల్లచొక్కా, మెడలో కండువా. కారు చుట్టూ ఒక చుట్టు తిరిగారు. కిటికీలోంచి తల పెట్టి కింద రేకు వైపు చూశారు. నన్ను చూడలేదు. తిన్నగా మా బావ దగ్గరకి వెళ్ళారు.

"బావగారూ, ఈ కారేంటండీ? తొక్కేవి ఏవీ లేవు."

బావ ఏదో సర్దిచెప్పబోయాడు. ఆయన వినలేదు. చేతుల్తో నడిపే బండిలో పిల్లని ఎక్కించి పంపుతారా, దారిలో ఏమన్నా అయితే ఎవరిది పూచీ అన్నారు. తన డ్రైవరు ఉన్నాడు, వాడు నడుపుతాడు అన్నారు. తర్వాత గొంతు తగ్గించి అన్న మాట నాకు బాగానే వినపడింది.

"ఆయన్ని వెనక కూర్చోబెట్టండి. మేనమామ బండిలో ఉన్నట్టే కదా."

వెనక కూర్చోబెట్టండి అట. వల మూట పెట్టినట్టు.

మా బావ నా దగ్గరకొచ్చి, "ఒరేయ్, మగపెళ్ళివారు. ఇవాళ ఒక్కరోజుకి సర్దుకోరా," అన్నాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు అన్నదానికన్నా అది ఎక్కువ తగిలింది. ఎందుకంటే బావ నా పక్కన కూర్చుని ఎన్నిసార్లు విజయవాడ వెళ్ళొచ్చాడో ఆయనకే తెలుసు. వన్‌టౌను సందుల్లో కూడా నిద్రపోయేవాడు, అంత నమ్మకంగా. ఆ రోజు మాత్రం నా మొహం చూడకుండా మాట్లాడాడు. కర్రలు అందుకుని దిగాను. మేళంవాళ్ళు కూడా ఆపేసి చూస్తున్నారు.

డ్రైవరు వచ్చి ఎక్కాడు. పాపం కుర్రాడు కాదు, నడివయసువాడు, లారీలు తోలిన మనిషి అట. కూర్చోగానే రెండు కాళ్ళతో కింద వెతికాడు. రేకు తప్ప ఏమీ తగల్లేదు. తల వంచి చూశాడు. చెప్తానన్నాను, అక్కర్లేదన్నాడు. తాళం తిప్పి, గేరు వేసి, కడ్డీ పట్టుకుని లాగాడు. కారు ఒక్క గెంతు గెంతి గుమ్మానికి కట్టిన అరటిబోదెకి తగిలి ఆగిపోయింది. గంపలో పిల్ల రెండు చేతులతో అంచు పట్టుకుంది. తాళ్ళు కట్టాను కాబట్టి సరిపోయింది. డ్రైవరు దిగిపోయి చెమట తుడుచుకున్నాడు.

"నా వల్ల కాదండీ. అసలు కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు," అన్నాడు.

ఎవరో నవ్వారు. పెదనాన్నగారికి ఇంకా కోపం వచ్చింది. ముహూర్తం దగ్గరపడుతోంది, అమ్మాయిని దింపి మా కారెక్కించండి అన్నారు. అప్పటిదాకా తల వంచుకుని ఉన్న మా మేనకోడలు తలెత్తింది.

"దిగకూడదండీ. కాలు నేలకి తగలకూడదని నిన్న మీ ఇంటి నుంచే కదా కబురు పంపారు."

అది నిజం. వాళ్ళే మరీమరీ చెప్పి పంపారు, మీవాళ్ళు ఈ కాలంలో ఇలాంటివి పాటిస్తారో లేదో అని. ఆ సంగతి పెదనాన్నగారు మర్చిపోయారు. అయితే గంపతో సహా ఎత్తి ఆ కారులో పెట్టమన్నారు. ఇద్దరు ముందుకొచ్చి తాళ్ళు విప్పబోయారు. వేట్లో కట్టే ముడి అది, తడిసి బిగిసినా జారదు, తెలియనివాడు ఎంత లాగితే అంత బిగుస్తుంది. పెదనాన్నగారు స్వయంగా వంగి ఒక ముడి పట్టుకుని గోళ్ళతో గీకారు. రాలేదు. కత్తి తెమ్మన్నారు. అప్పుడు మా అక్క కదిలింది గానీ, అక్క కన్నా ముందు పిల్లే అంది.

"పెళ్ళి గంపకి కత్తి పెడతారా అండీ? మా మావయ్య కట్టిన ముడి మావయ్యే విప్పుతాడు. ఆయన తీసుకెళ్తే వస్తాను. లేదంటే ఇక్కడే కూర్చుంటాను."

గట్టిగా కూడా అనలేదు. మామూలుగా, కాఫీ వద్దండీ అన్నట్టు అంది. పెదనాన్నగారు వాచీ చూసుకున్నారు. బావ వచ్చి నా చేతిలోంచి కర్రలు తీసుకుని, కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆ పని నాకు ఎవరూ చెయ్యక్కర్లేదు. అయినా పట్టుకోనిచ్చాను.

అర కిలోమీటరు ఉంటుంది హాలు. మేళం ముందు నడుస్తుంటే మనిషి నడకంత మెల్లగా నడిపాను. అలా నడపడమే కష్టం, తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. మండపం పక్కన కారు ఆపాను, జానెడు కూడా తేడా రాకుండా. గంప వైపు తలుపు తీయించి, కారు గడప నుంచి మండపం మీదకి ముందే సిద్ధం చేసుకున్న చెక్క వేయించాను. దానికి కొబ్బరినూనె రాసి ఉంచాను. ముడులు నాలుగూ విప్పాను, ఒక్కోటి ఒక్క లాగుతో వచ్చేశాయి. గంపకి కట్టిన పొడుగు తాడుని మండపం అవతలి ఇనపస్తంభం చుట్టూ తిప్పి కొస నా చేతికి ఇమ్మన్నాను. నా సీటులోనే కూర్చుని, స్తంభం మీదుగా తాడు లాగాను, ఒడ్డున వల లాగినట్టు. గంప చెక్క మీద జారుతూ వెళ్ళి మండపం మధ్యలో ఆగింది. పిల్ల కాలు ఎక్కడా నేలకి తగల్లేదు. పంతులుగారు మేనమామ వచ్చాడా అని అడిగితే, వచ్చాడు, నడుపుకుంటూ వచ్చాడు అని మా అక్క పందిరంతా వినపడేలా చెప్పింది.

అక్కడితో అయిపోతే నేను ఈ కాయితం పట్టుకునేవాణ్ణి కాదు. భోజనాల దగ్గర నా వెనక బల్ల మీద పెదనాన్నగారు ఎవరితోనో చెప్తున్నారు.

"మేమే ఒప్పుకున్నామండీ. పాపం, ఆయనకీ ఒక సరదా ఉంటుంది కదా."

నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. వెనక్కి తిరగబోయాను. వడ్డిస్తున్న అక్క దూరం నుంచి చూసి, వద్దన్నట్టు తల ఊపింది. పిల్ల ఆ ఇంటికి వెళ్ళాలి కదా. ముద్ద మింగాను. మాట కూడా మింగాను. ఎన్ని రోజులు గడిచినా ఆ మాట మాత్రం అరగలేదు.

అందుకే ఇది రాశాను. పెదనాన్నగారూ, మీరు చదువుతారో లేదో నాకు తెలీదు. మీరు ఒప్పుకోలేదు. మిమ్మల్ని ఎవరూ అడగలేదు కూడా. నేను చేసింది సరదా కాదు, నా మేనకోడలికి నేను చెయ్యాల్సింది చేశాను. దానికి పాపం అనే మాట అక్కర్లేదు. పిల్ల మీ ఇంట్లో బాగుంది, మీరు బాగా చూసుకుంటున్నారని విన్నాను, దానికి మాత్రం దండం పెడతాను.

చదివినవాళ్ళకి నాదొక మనవి. రాతలో ఎక్కడన్నా తడబడి ఉంటే, కోపంలో ఒక మాట ఎక్కువ వచ్చి ఉంటే, మీ ఇంట్లో మనిషి రాశాడనుకుని మన్నించండి.