అన్న మిషను చప్పుడు

ఇద్దరూ కలిసి పెట్టిన టైలరు కొట్టును అన్న తన ఒక్కడి పేర రాయించుకుని, తమ్ముణ్ణి మెడపట్టి గెంటినంత పని చేశాడు. తమ్ముడు పక్కవీధిలో ఒంటరిగా కుట్టుకోసాగాడు. రోజూ సాయంత్రం మిషనులో చిక్కిన దారప్పోగులు దులుపుతూ, "ఇవాళ నాకోసం బతికానా, అన్న మీద పంతానికి బతికానా?" అని తనను తానే ప్రశ్నించుకునేవాడు. ఎప్పుడూ పంతమే జవాబు. పక్కన అన్న మిషను చప్పుడు లేక చెవులు మాత్రం వెలితిగా ఉండేవి.

ఒకనాడు ఆ జవాబు మీద అతనికే విసుగొచ్చింది. మిషను మీద గుడ్డ కప్పి అన్న కొట్టుకు వెళ్లాడు. అన్న సూదిలో దారం ఎక్కించలేక అవస్థ పడుతున్నాడు.

"ఏరా, నవ్వడానికొచ్చావా?"

తమ్ముడు సూది లాక్కున్నాడు. "నవ్వుదాంలే. ముందు నా చోట్లో పెట్టిన ఆ గుడ్డల మూట తియ్యి అన్నయ్యా, కూర్చోవాలి."