వీడియో ఆపి "అచ్ఛా" అనే ఆవిడ

ఇందిరాపురంలో మా పక్క ఫ్లాటు ఆవిడ, సగంలో ఆగిన డిగ్రీని నలభై ఆరో ఏట పూర్తిచేయడానికి ఉచిత ఆన్‌లైన్ కోర్సులో గణాంకశాస్త్రం చదివారు. రోజూ ఉదయం సరిగ్గా పదకొండింటికి బాల్కనీలో కూర్చుని, రెండు వాక్యాలకోసారి వీడియో ఆపి, తెరమీది అధ్యాపకుడితో, అర్థమైందన్నట్టు హిందీలో "అచ్ఛా" అనేవారు. ముప్ఫై మూడేళ్లు అదే పాఠం చెప్పిన నాతో ఒక్క విద్యార్థీ అంత ఇష్టంగా ఆ మాట అనలేదు.

"నేను చెబుతానుగా అమ్మా" అన్నాను ఒకనాడు.

"మిమ్మల్ని పదిసార్లు ఆపితే కోప్పడతారు మాస్టారూ! ఆయనకు కోపమే రాదు" అని నవ్వారు.

అసూయతో, ఆయన తప్పులు పట్టడానికే నేనూ ఆ కోర్సులో చేరాను. పన్నెండు వారాలు విన్నాను. ఆయన పాఠాల్లో తప్పు ఒక్కటీ దొరకలేదు. నేను ముప్ఫై మూడేళ్లు బోధించిన నోట్సులో మాత్రం ఒకటి దొరికింది. ఆ సంగతి ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు.