కర్నల్‌గారు ముందే లేచిన రోజు

పీపాలు చేసే నేస్ ప్రౌట్‌ను మిస్టర్ అని పిలిచేది ఏడాదికి ఒక్కసారే. అక్టోబరు మొదటి సోమవారం నాడు, మా కోర్టు ముందున్న పచ్చికలో, కౌంటీ అంతా చెవులు రిక్కించి వింటుండగా. మిగిలిన రోజుల్లో అతను ఉత్త నేస్. పొగాకు దొరలకూ నేసే, గిడ్డంగి గుమాస్తాకూ నేసే. పెళ్ళాం హెన్నీకి కోపం వస్తే ఆ పేరు కూడా దక్కేది కాదు.

ఆ ఒక్క పిలుపు కోసం అతను ఆగస్టు నుంచే ఎదురుచూసేవాడు. నీలం కోటును దండెం మీద ఆరవేసేవాడు. ఇత్తడి బొత్తాములు బూడిదతో తోమేవాడు.

“అబ్బో, మిస్టర్ ప్రౌట్‌గారు తయారవుతున్నారండోయ్!” అని హెన్నీ దెప్పేది. “ఆ దొర వంగి దండం పెడితే నీ నడుంనొప్పి పోతుందా ఏమిటి? ముందా కట్టెలు కొట్టు.”

“నీకేం తెలుసే,” అనేవాడు నేస్, బొత్తాము మీద నోటి ఆవిరి ఊది. “పెద్దదొర కొడుకు నాకోసం లేచి నిలబడతాడు. మా అయ్య బతికుంటే నవ్వి నవ్వి చచ్చేవాడు.”

ఆ పెద్దదొర కొడుకే కర్నల్ బెనెట్ హాలోవే. ఇద్దరూ ఒకే ఏడాది ఒకే ఎస్టేటులో పుట్టారు. ఒకడు మేడలో, ఒకడు వంటశాల వెనక గుడిసెలో. ఒకడు ఆస్తికి వారసుడు, ఒకడు ఆ ఆస్తిలో భాగం. పదేళ్ళు వచ్చేదాకా ఆ తేడా ఇద్దరికీ పెద్దగా పట్టలేదు. వాగులో నడుములోతు నీళ్ళలో నిలబడి, దారానికి కోడిమెడ కట్టి పీతలు పట్టేవాళ్ళు. బెనెట్‌కు ఓపిక తక్కువ. దారం కదిలిందో లేదో లాగేసేవాడు, పీత కాస్తా జారిపోయేది. “ఆగండి చిన్నదొరా, అది గట్టిగా పట్టుకోనివ్వండి!” అని నేస్ మొత్తుకునేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. సాయంత్రానికి బుట్టలో ఉన్న పీతలన్నీ నేస్ పట్టినవే, మేడ మీద వాటిని గొప్పగా చూపించేది మాత్రం బెనెట్.

పదో ఏట ఒకణ్ణి చదువుకూ, ఒకణ్ణి పీపాల కొట్టానికీ పంపారు. ఇంగ్లండు రాజుతో యుద్ధం నడుస్తున్న రోజుల్లో పెద్దదొర జబ్బుపడి, బానిసత్వం పాపమని నమ్మే క్వేకరు మతస్థురాలైన భార్య పోరు పడలేక, పదకొండు మంది బానిసలను విడిచిపెడుతూ పత్రం రాశాడు. నేస్ ఆ పదకొండు మందిలో ఒకడు. అతని తమ్ముడు రాల్ఫ్ కాదు. ఎందుకు కాదో పెద్దదొర చెప్పలేదు, అడిగే దమ్ము ఎవరికీ లేకపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఇకమీదట విడుదలయ్యే నల్లవాళ్ళకు ఓటు లేదని చట్టం చేశారు. నేస్ అప్పటికే బయటపడ్డాడు గనుక అతని ఓటు మిగిలింది. సొంత కొట్టం, పనిముట్లు, చిన్న ఇల్లు ఉన్నాయి. ఓటుకు కావలసిన ముప్ఫై పౌన్ల ఆస్తికి అవి సరిపోయాయి.

బెనెట్ యుద్ధంలో కెప్టెన్ అయ్యాడు, వచ్చాక కర్నల్ అయ్యాడు, ఆ వెంటనే రాజధాని అన్నపోలిస్‌లోని శాసనసభకు నిలబడ్డాడు. మొదటిసారి పోటీ గట్టిగా ఉంది. పోటీదారులంతా వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. షెరీఫ్ ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, “ఎవరికి?” అని అడుగుతున్నాడు. పిలిచినవాడు అందరి ముందూ గొంతెత్తి చెప్పాలి. ఎవరి పేరు చెబితే ఆ పోటీదారు లేచి, టోపీ తీసి, వంగి, అతన్ని మిస్టర్ అని పిలిచి కృతజ్ఞత చెప్పాలి. రైతైనా, చాకలైనా, నల్లవాడైనా ఇదే మర్యాద. కౌంటీకి నలుగురు సభ్యులు, నాలుగు పేర్లు చెప్పవచ్చు. నేస్ ఒక్కటే చెప్పాడు.

“హాలోవే!”

ఆ గొంతు పీపాల కొట్టంలో సుత్తి చప్పుళ్ళ మధ్య పెరిగింది. కోర్టు వెనక కట్టేసిన గుర్రాలు కూడా తలలెత్తాయి. కర్నల్ లేచాడు. “మిస్టర్ ప్రౌట్, మీ ఓటుకు కృతజ్ఞుణ్ణి. దీన్ని మరిచిపోను,” అన్నాడు. ఆ మాట ఆయన అందరితోనూ అన్నాడు. నేస్ మాత్రం తనకొక్కడికే అన్నట్టు ఇంటికి మోసుకొచ్చి, హెన్నీకి మూడుసార్లు చెప్పాడు.

అలా పంతొమ్మిది అక్టోబర్లు గడిచాయి. ఎన్నికలంటే అవీ ఎన్నికలు. ఒక పక్క ఎద్దును నిప్పుల మీద కాల్చేవారు, ఒక పక్క తొట్టిలో రమ్ము, నిమ్మరసం కలిపేవారు. అల్లం రొట్టెలమ్మే ముసలమ్మ ఏ పార్టీవాడు కొంటే ఆ పార్టీకి జై కొట్టేది. “ఏరా, నిన్న డాక్టర్ డెంట్ పోసిన గ్లాసు తాగి ఇవాళ కర్నల్ పేరు చెబుతావా, అరిగిందా అప్పుడే?” అని వెనకనుంచి కేకలు. ఇప్పుడు పెట్టెలో కాగితం పడేసి, ఏదో కాజేసినవాళ్ళలా తలవంచుకుని వెళ్ళిపోతున్నారు. నాకు ఆ పాత గోలే ఇష్టం. అలాగని అంతా మంచే అనను. హాలోవే పొలాల్లో ఉన్న నూటపది మందికి ఆ సోమవారమూ పనిరోజే. వాళ్ళను “ఎవరికి?” అని ఏ షెరీఫూ అడగలేదు. నీలం కోటు వేసుకుని రాల్ఫ్ కళ్ళ ముందునుంచి పోవడానికి సిగ్గుపడి, నేస్ ప్రతిసారీ వాగుపక్క చుట్టుదారిన పోయేవాడు.

ఇరవయ్యో ఏడాది ఎన్నికకు పది నెలల ముందు అన్నపోలిస్ నుంచి కబురొచ్చింది. ఆస్తి లేని పేద తెల్లవాళ్ళకూ ఓటు ఇస్తారట. గొంతుకు బదులు కాగితమట. నల్లవాడికి మాత్రం, ఎప్పుడు విడుదలైనా, ఎంత ఆస్తి ఉన్నా, ఇక ఓటు లేదట. అయితే అలాంటి మార్పును ఎన్నిక తర్వాత కొత్త సభ మళ్ళీ ఆమోదిస్తేనే చెల్లుతుంది. అంటే నేస్‌కు ఇంకొక్క ఓటు ఉంది. ఆ మార్పుకు మొదటిసారి చెయ్యెత్తినవాళ్ళలో కర్నల్ ఉన్నాడు.

సెప్టెంబరులో ఎప్పట్లాగే కర్నల్ సైడర్ అనే ఆపిల్ కల్లు జాడీతో కొట్టానికి వచ్చాడు. బోర్లించిన పీపా మీద కూర్చున్నాడు.

“పేదవాళ్ళకు ఓటు ఇస్తున్నాం నేస్. మంచి పని కాదా?”

“మంచిదే దొరా. నేను పేదవాణ్ణి కానా?”

“ఆ ఒక్క ముక్కా పెట్టకపోతే మిగతాది నెగ్గేది కాదు. నువ్వు తెలివైనవాడివి, అర్థం చేసుకుంటావు.”

“రేపు కొత్త సభలో మళ్ళీ చెయ్యెత్తుతారా?”

కర్నల్ జాడీ మూత తిప్పుతూ కూర్చున్నాడు. “ఈసారి గట్టి పోటీ. ఆ డాక్టర్ డెంట్ ఈ చట్టాన్ని ఓడిస్తానని ఊరంతా తిరుగుతున్నాడు. నీ గొంతు నాకు కావాలి,” అన్నాడు.

ఆయన వెళ్ళాక హెన్నీ లోపలినుంచి వచ్చింది. దెప్పలేదు. “ఆ మనిషి పేరు నువ్వు చెబితే నీ కోటు పొయ్యిలో పెడతాను,” అంది. నేస్ ఆ రాత్రి అన్నం సయించక లేచిపోయాడు. కర్నల్ నోట మిస్టర్ అనే ఆ మాటను వదులుకోవాలి, లేదా దాన్ని తీసేసే మనిషికే గొంతు అరువివ్వాలి. నిజం చెప్పాలంటే అతనికి ఆ మనిషి మీద ప్రేమ కూడా ఉంది. వాగులో నడుములోతు నీళ్ళు అతను మరిచిపోలేదు.

ఆ సోమవారం నేస్ చుట్టుదారిన పోలేదు. పొలం గట్టు మీదుగా, రాల్ఫ్ చూస్తుండగా, నీలం కోటుతో నడిచాడు. రాల్ఫ్ పొగాకు కోసే కత్తి ఆపి చెయ్యెత్తాడు.

పచ్చికలో షెరీఫ్, “నేస్ ప్రౌట్!” అని పిలిచాడు. “ఎవరికి?”

నేస్ నోరు విప్పేలోపే కర్నల్ లేచాడు. పంతొమ్మిదేళ్ళ అలవాటు. టోపీ తీశాడు, వంగాడు. “మిస్టర్ ప్రౌట్, మీ ఓటుకు కృతజ్ఞుణ్ణి. దీన్ని మరిచిపోను.”

“డాక్టర్ డెంట్!” అన్నాడు నేస్.

పచ్చికలో ఒక్కడూ నవ్వలేదు. డాక్టర్ డెంట్ కంగారుగా లేచి వంగాడు. కర్నల్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాడు, కూర్చోవాలన్న సంగతి తోచనట్టు. ఆ ఏడాదీ ఆయనే గెలిచాడు. చలికాలంలో చట్టమూ గెలిచింది.

ఆ తర్వాత అక్టోబర్లలో నేస్ నీలం కోటు బయటికి తియ్యలేదు. ఆ సోమవారాలు మాత్రం అతనికి పని సాగేది కాదు. సుత్తి పక్కన పెట్టి, కోర్టు వైపు చెవి వేసేవాడు. అక్కణ్ణుంచి ఏ చప్పుడూ వచ్చేది కాదు.

ఏడేళ్ళకు కర్నల్ ఓడిపోయాడు. ఆయన ఓటు ఇప్పించిన పేదవాళ్ళే ఒక సారాకొట్టు యజమానికి కాగితాలు వేసి గెలిపించారు. ఎవరు ముంచారో కూడా ఆయనకు తెలియలేదు. వారం తిరిగాక, వాచిన కాలు ఈడ్చుకుంటూ కొట్టానికి వచ్చాడు. జాడీ లేదు. బోర్లించిన పీపా మీద కూర్చుని చాలాసేపు నేస్ చేతులకేసి చూశాడు.

“ఆ రోజు తొందరపడి లేచాను నేస్.”

“పీతల దగ్గరా అంతే కదా దొరా.”

కర్నల్ నవ్వాడు. నేస్ కూడా నవ్వాడు. ఇద్దరికీ కళ్ళు చెమర్చాయి, ఇద్దరూ వేరే వైపు చూశారు.

“వీళ్ళంతా రోడ్డు మీద నాకు టోపీ తీస్తారు, పెట్టె దగ్గర ముంచుతారు,” అన్నాడు కర్నల్. “నువ్వొక్కడివే నా మొహం మీద చెప్పావు. ఆ పంతొమ్మిదేళ్ళూ చెప్పావు చూడు, ఆ గొంతు ఇంకా నా చెవుల్లో ఉంది. ఒక్కసారి నా పేరు అలా అను. ఊరికే, వినాలని ఉంది.”

నేస్‌కు మాట గొంతుదాకా వచ్చింది. చెప్పాలని ఎంత ఉందో అతనికే తెలుసు. ఓక్ చెక్క బద్దను పీపా వరసలో అమర్చాడు.

“నాకు ఓటు లేదు కదా దొరా,” అన్నాడు మెల్లగా.

సుత్తి తీసుకుని, పీపాకు కట్టు బిగించసాగాడు.