మా అత్త పొదిగిన గుడ్లు

మా మేనత్తకు వేడి కొలిచే పిచ్చి. నర్సు ఉద్యోగం నుంచి ఆవిడ రిటైరైంది గానీ థర్మామీటరు రిటైరవలేదు. కాఫీలో ముంచి చూశాకే గ్లాసు చేతికిచ్చేది. ఆఫీసులో గొడవపడి నేను చిరాగ్గా ఇంటికొస్తే, "ఏరా, మొహం కాలిపోతోంది, నోరు తెరువు" అంటూ అదే నాలుక కింద పెట్టేసేది. మధ్యలో కడిగిందో లేదో అడిగే ధైర్యం నాకెన్నడూ రాలేదు.

అలాంటి మనిషి ఒకరోజు థర్మోకోల్ పెట్టెలో బల్బు వేలాడదీసి, డజను గుడ్లు పేర్చి, పక్కన గిన్నెడు నీళ్లు పెట్టి, కోడి లేకుండా పిల్లల్ని తీస్తానంది.

"సంతలో పిల్లలే దొరుకుతాయి కదత్తా?"

"నువ్వు నోర్ముయ్. ముందా ఫ్యాను కట్టెయ్."

మామయ్య బస్సు కండక్టరుగా చేశాడు. రిటైరైన దగ్గర్నుంచి కుర్చీలో కూర్చుని గోడకేసి చూడటమే పని. గేటు దాటడు. ఊఁ, ఉఁహూఁ తప్ప మాట లేదు.

"ఏమండీ, నా చేతులు మంచుగడ్డలు. నేను ముట్టుకుంటే గుడ్లకు జలుబు చేస్తుంది. పూటపూటా మీరే తిప్పాలి" అని అత్త ఆర్డరేసింది. ఆయన విసుక్కుంటూనే లేచాడు.

రెండో వారంలో ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. "పడిపోతోంది, పడిపోతోంది!" అని అత్త కేక. ఎవరు పడ్డారోనని పరిగెత్తాను. పడింది వేడి. అప్పటికే మామయ్య లోపల వేడినీళ్ల సీసాలు సర్ది, తన ఖాకీ చొక్కాలన్నీ చుట్టి, పెట్టెను వాటేసుకుని కూర్చున్నాడు. కరెంటు వచ్చేదాకా కదల్లేదు.

చివరి రోజుల్లో గుడ్లు తిప్పకూడదట. చేతులకు పనిలేక ఆయన పెట్టె చుట్టూ తచ్చాడాడు. ఓ ఉదయం ఒక గుడ్డు బీటలిచ్చింది. చిన్న ముక్కు బయటికొచ్చి ఆగిపోయింది.

"లాగనా?" అన్నాడు కంగారుగా.

"ముట్టుకోకండి. దాని తిప్పలు దాన్ని పడనివ్వండి."

ఎంతకీ కదలదే! ఉన్నట్టుండి మామయ్య గొంతెత్తాడు. "దిగాలి, దిగాలి! తలుపు దగ్గర నిలబడొద్దమ్మా!"

ఇల్లదిరింది. పెంకు రెండు ముక్కలైంది.

రెండు మూడు గుడ్లు మురిగిపోయాయి గానీ, సాయంత్రానికి మిగతావాళ్లంతా క్షేమంగా దిగారు. వంటింట్లో అత్త చేయి పట్టుకు చూశాను. వెచ్చగా ఉంది.

"మంచుగడ్డలన్నావు?"

"పిల్లల్ని కొనుక్కొస్తే ఆయన కుర్చీలోంచి లేచేవారా?" అంది గొంతు తగ్గించి.

మర్నాడు మామయ్య చెప్పులు వెతుక్కున్నాడు. "నూకలు నేనే తెస్తా."

వీధి చివర కొట్టుకు వెళ్లినవాడు పొద్దెక్కినా రాలేదు. చివరికి చేతులూపుకుంటూ వచ్చాడు. కనబడ్డ ప్రతివాళ్లకూ పిల్లల సంగతి చెబుతూ నూకల మాటే మరిచిపోయాడట.

చీవాట్లు తప్పవనుకున్నాను. అత్త సంచీ ఆయన చేతికిచ్చింది.

"మళ్లీ వెళ్లిరండి. ఈసారి పక్క వీధి కొట్టుకెళ్లండి. వాళ్లకింకా తెలీదు."