గంజి పెట్టిన చీర

ఒక పాత చీర ఇన్నేళ్లుగా నా గుండె మీద పడి ఉంది. చీరకి బరువేమిటని మీకు అనిపించవచ్చు. ఇంట్లోవాళ్లకి చెప్పలేనిది మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను ఎరగరు.

డెబ్బైల చివర్లో జంషెడ్‌పూర్ భాలుబాసాలో మా శ్రీకాకుళం వాళ్లకి ఒక భజన బృందం ఉండేది. అందులో హార్మోనియం వాయించే వంతు నాది. అంటే, సూరన్న వచ్చేదాకా నాది. అతను టాటానగర్ స్టేషన్లో పనిచేసేవాడు. సొంత హార్మోనియం పెట్టె తెచ్చుకున్నాడు. అతను ఒక్కసారి వాయించాక నన్ను మళ్లీ ఎవరూ కూర్చోమనలేదు. తాళాలు చేతికిచ్చారు. నవ్వుతూనే పుచ్చుకున్నాను. కడుపు మండిపోయింది.

ఆ వానాకాలం తండ్రికి జబ్బు చేసిందని సూరన్న భార్యతో ఊరికి బయలుదేరాడు. వాళ్ల పెంకుటిల్లు కారుతుంది, నాది పక్కా క్వార్టరు. అందుకని పెట్టె నాకు అప్పగించాడు. నేల మీద పెట్టొద్దనీ, వారానికోసారి వాయిస్తే తిత్తి బిగుసుకోదనీ చెప్పాడు. అతని భార్య పోలమ్మ లోపల ఎండు వేపాకు, కలరా ఉండలు పెట్టి, ఉతికి గంజి పెట్టిన తన చీర చుట్టి ఇచ్చింది. పసిపిల్లని అందించినట్టు అందించింది.

మర్నాడే విప్పి వాయించాను. అతని చేతిలో పలికినట్టు నా చేతిలో పలకలేదు. ఆకులూ ఉండలూ దులిపేసి, చీర మళ్లీ చుట్టకుండానే పెట్టెను బొగ్గుల గదిలో చెమ్మ నేల మీదికి కాలితో నెట్టాను. పాడవ్వాలనుకున్నానా? లేదనే చెప్పుకున్నాను. రెండు వారాల తర్వాత బొగ్గు కోసం వెళ్తే పెట్టె పక్కన ఎలుక పెంటికలు కనిపించాయి. దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టడానికి నిమిషం పట్టదు. బొగ్గు తట్టలోకి ఎత్తుకుని తలుపు వేసేశాను. మరి దీన్ని ఏమనాలి?

వస్తున్నామని ఉత్తరం వచ్చింది. వాళ్లు దిగే రోజు పొద్దున, ఎలుకలు కొరికేసిన ఆ పెట్టెకి అదే చీర మళ్లీ చుట్టాను.

భజన వాళ్లందరి ముందూ సూరన్న విప్పాడు. తిత్తిలో కళ్లు తెరవని ఎలుక పిల్లలు. నేనే ముందు నోరు తెరిచాను.

“గంజెట్టిన సీర సుట్టీసింది మీ ఇంటిది. ఆ వాసనకి ఎలకలు రావేటి?”

సూరన్న భార్య వైపు తిరిగాడు. “గంజెట్టమని నీకెవులు సెప్పినారే?”

పోలమ్మ ఆ చీరని చేతిలోకి తీసుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి చూసింది. నెమ్మదిగా మడిచింది.

“సీరకి ఒక్క సిల్లు కూడా లేదన్నియ్యా,” అంది, నా వైపే చూస్తూ.

ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. నాకు ఎక్కింది.

సూరన్న ఆ పెట్టెను బాగు చేయించలేదు. మళ్లీ వాయించనూ లేదు. భార్యతో చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదని విన్నాను. తర్వాత వచ్చిన శ్రీరామనవమికి బృందం పాత హార్మోనియం నేనే వాయించాను. బాగుందన్నారు. పోలమ్మ అందరితో పాటు నాకూ పానకం ఇచ్చింది, గ్లాసు నిండా. ఆమె ఎందుకు బయటపెట్టలేదు? నేనే చెబుతానని ఎదురు చూసిందా? అదే అయితే, ఎన్నాళ్లు చూసి ఉంటుంది?

ఇప్పుడు వాళ్లెక్కడున్నారో తెలియదు. వెతికే ధైర్యం నాకు లేదు. క్షమించమని ఎవరినీ అడగడం లేదు. పోలమ్మ గంజిలో ఏ తప్పూ లేదు. చీర విప్పిందీ నేనే, చుట్టిందీ నేనే. రాసేశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.