మా వంటింటి నేలకు పడ్డ కన్నం

మా ఇంటి ఓనరు కింది అంతస్తులో ఒక్కతే ఉండేది. డెబ్బై దాటిన మనిషి, బడిలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైంది. పై అంతస్తులో మేమిద్దరం అద్దెకుండేవాళ్ళం. మా పైన అటక, ఆ పైన పెంకుల కప్పు. డ్రెస్డెన్‌లో నేను చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీకి వెళ్తాను. మా ఆయన ఇంట్లోనే కూర్చుని సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు.

ఒక ఆదివారం ఆమె పైకి వచ్చి, తన హాల్లో కట్టెల పొయ్యి పెట్టించుకుంటానని చెప్పింది. వంటకు కాదు, చలికి. అద్దం తలుపున్న ఇనుప పెట్టె లాంటిది. దాని పొగగొట్టం పైకి పోవాలి. పైన ఉన్నది మేము.

"మీ వంటింటి మూలలోంచి, తర్వాత అటకలోంచి వెళ్తుంది. మీకు అభ్యంతరమా?" అని జర్మన్‌లో అడిగింది.

ఆ మూలలో మా వెట్ గ్రైండర్ ఉంది. మా ఆయన నావైపు తిరిగాడు.

"గ్రైండర్ ఏడ పెడ్తం మరి?"

"బెడ్రూంల పెడ్దాం."

"బెడ్రూంల గ్రైండరా?"

"నీ మీటింగుల కన్నా తక్కువే సప్పుడు చేస్తది."

అభ్యంతరం లేదని ఆమెకు చెప్పాం.

ఇక్కడ పొగగొట్టం విషయంలో చివరి మాట ఇంటివాళ్ళది కాదు. ఆ ప్రాంతానికి నియమించిన చిమ్నీ ఇన్‌స్పెక్టర్‌ది. మాకు వచ్చినావిడ నల్ల యూనిఫాం వేసుకున్న పొడుగాటి మనిషి. కింద, పైన, అటకలో అంతా కొలిచింది. "గొట్టానికీ ఇంటి దూలాల కర్రకీ మధ్య ఖాళీ వదలాలి. ఆ ఖాళీలో మండనిదే ఉండాలి. గొట్టం చుట్టూ నిప్పుకు తట్టుకునే పలకలతో పెట్టె కట్టాలి. మిగతాదంతా మీ ఇష్టం" అంది. మిగతాదంటూ ఏమీ లేదు.

పని చేయడానికి ఓనరు తమ్ముడు ముందుకొచ్చాడు. ట్రామ్ డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. మొదటిరోజే కింద హాలు సీలింగుకి, అంటే మా వంటింటి నేలకి, చక్కగా కన్నం కోశాడు. కన్నం సగానికి అడ్డంగా ఒక పాత దూలం కనిపించింది.

"కొంచెం చెక్కేస్తే సరిపోతుంది" అన్నాడు.

ఓనరు ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసింది. ఇల్లంతా మోసే దూలాన్ని ఎవరుపడితే వాళ్ళు చెక్కకూడదనీ, వడ్రంగి వచ్చి దాన్ని లెక్క ప్రకారం కోసి, పక్కన అడ్డకర్ర వేసి బరువు మళ్ళించాలనీ ఆవిడ చెప్పింది. వడ్రంగి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఐదు వారాల తర్వాతకి దొరికింది. అంతవరకూ కన్నం మీద ఒక ప్లైవుడ్ ముక్క వేసి, "తొక్కకండి" అని కాగితం అంటించి తమ్ముడు వెళ్ళిపోయాడు.

ప్లైవుడ్ మనుషుల్ని ఆపింది కానీ మాటల్ని ఆపలేదు. నేను పోపు వేస్తే కింద నుంచి దగ్గు వినిపించేది. ఆమె రేడియోలో వాతావరణం వింటే మేము గొడుగు తీసుకుని బయల్దేరేవాళ్ళం. కొన్నాళ్ళకు ఆమె కింద నుంచే "గుడ్ మార్నింగ్" చెప్పడం మొదలుపెట్టింది. నేను స్టవ్ ముందు నిలబడి నేల వైపు చూస్తూ జవాబిచ్చేదాన్ని.

మూడో వారంలో మాకు పెద్ద గొడవైంది. వీసా పొడిగింపుకి ఎన్నో నెలలు ఎదురుచూస్తే వచ్చిన టెర్మిన్‌ని మా ఆయన మర్చిపోయాడు. రోజు గడిచాక గుర్తొచ్చింది.

"టెర్మిన్ ఎట్ల మర్చిపోతవ్? టెర్మిన్ కోసం ఎన్ని మెయిల్స్ పెట్టినం?"

"క్యాలెండర్ల పెట్టిననే."

"ఏ క్యాలెండర్ల?"

నేను చాలాసేపు ఆపలేదు.

మర్నాడు పొద్దున ఆమె పైకి వచ్చి తలుపు కొట్టింది. మా ఆయన తీశాడు.

"మీ భార్యదే న్యాయం" అంది.

"మీకు తెలుగు రాదు కదా?"

"టెర్మిన్ అన్న మాట పద్నాలుగు సార్లు వినపడింది. అన్నీ ఆమె గొంతులోనే. మర్చిపోయారా?"

మా ఆయన ఒప్పుకున్నాడు. ఆమె వంటింట్లో కూర్చుని మా తరఫున వీసా ఆఫీసుకి ఒక ఉత్తరం రాసింది. క్షమాపణ ఒక వాక్యం, మిగతా పేజీ అంతా పాఠం చెప్పినట్టు. పది రోజుల్లో కొత్త తేదీ వచ్చింది. ఆ పది రోజులూ నేను రాత్రిళ్ళు వంటింట్లో తిరుగుతూనే ఉన్నాను. అది ఆమెకి చెప్పలేదు. వినపడే ఉంటుంది.

వడ్రంగి చెప్పిన రోజుకే వచ్చి, సగం రోజులో దూలం పని ముగించాడు. తర్వాత తమ్ముడు రెండు పొరల స్టీలు గొట్టాన్ని ముక్క మీద ముక్క ఎక్కించుకుంటూ కప్పు దాటించాడు. ఇన్‌స్పెక్టర్ చూడటానికి వచ్చి అటకలో టార్చి వేసింది. గొట్టం కప్పు దాటేచోట చుట్టూ పసుపురంగు నురుగు గట్టిపడి ఉంది. కిటికీల సందుల్లో కొట్టే ఫోమ్.

"ఇది మండుతుంది. మొత్తం తీసేయండి" అంది.

"గాలి రాకూడదని కొట్టాను" అన్నాడు తమ్ముడు.

"గాలి రాదు. మంట వస్తుంది."

తమ్ముడి చేతులు ఆ సందులో పట్టలేదు. నావి చిన్నవి. శనివారమంతా అటకలో మోకాళ్ళ మీద కూర్చుని ఫోమ్‌ని గోకి తీశాను. ఫ్యాక్టరీలో దుమ్ము రేణువు పడకుండా తల నుంచి కాలి దాకా కప్పుకుని పనిచేసే నేను, కిందికి దిగేసరికి శనగపిండిలో ముంచిన బజ్జీలా ఉన్నాను. తమ్ముడు సంచి పట్టుకుని కూర్చున్నాడు.

"ముప్పై ఏళ్ళు ట్రామ్ నడిపాను. ఒక్క ప్రమాదం లేదు."

"నమ్ముతున్నాను."

"ఆ ఇన్‌స్పెక్టర్ నమ్మదు."

"ట్రామ్‌కి పట్టాలుంటాయి కదా" అన్నాను. ఆయన అవునన్నాడు. ఆ తర్వాత మండని రాతి ఉన్ని తెచ్చి, ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన కొలత కాగితంలో ఉన్నది ఉన్నట్టు నింపాడు. మా వంటింట్లోనూ అటకలోనూ గొట్టం చుట్టూ పలకల పెట్టె కట్టి కన్నం మూసేశాడు. అటకలో గొట్టానికి ఆనుకుని ఉన్న మా సూట్‌కేసుల్ని ఆ చివరికి జరిపాడు.

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వచ్చి, అద్దం పెట్టి గొట్టం లోపల చూసి, సంతకం చేసి, కింద కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో కూడా చూసి వెళ్ళింది. సాయంత్రం ఓనరు మొదటి నిప్పు వేసింది. కట్టెలు తడివి కావడంతో రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి అంటుకుంది.

గంట తర్వాత నేనూ మా ఆయనా అటకెక్కి పలకల మీద అరచేతులు పెట్టాం. మామూలు గోడలా చల్లగానే ఉన్నాయి. కింద నుంచి ఆమె మెట్ల దగ్గర నిలబడి ఎలా ఉందని అడిగింది.

"వేడి ఏమీ తెలియడం లేదు" అని అరిచాను.

"మంచిది" అని, ఆమె మొదటి నిప్పు కోసమని చేసిన కేకు కోయడానికి లోపలికి వెళ్ళింది.